మూత్రంలో కీటోన్లు: షుగర్ ఉన్నవారికి, లేనివారికి ఒకే ఫలితం, వైద్యం మాత్రం వేరు. ఎందుకని?

కృష్ణాతీరం
సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారిని పిత్తాశయంలో రాళ్ల నొప్పితో ఆసుపత్రిలో చేర్చాం. ఆవిడకు షుగర్ వ్యాధి లేదు. నొప్పి, వాంతుల వల్ల రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. చేరిన తరువాత ఆపరేషన్ కోసమని నోటికి ఏమీ ఇవ్వవద్దన్నారు. మూత్ర పరీక్షలో కీటోన్ల దగ్గర రెండు ప్లస్‌లు వచ్చాయి. పక్క మంచంలో చాలా ఏళ్లుగా షుగర్ ఉన్న పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన రిపోర్టులోనూ సరిగ్గా రెండు ప్లస్‌లే. కాని ఆయనను ఆ గంటలోనే ఐసీయూకు మార్చి ఇన్సులిన్ డ్రిప్ మొదలుపెట్టారు. మా అమ్మగారికి మాత్రం గ్లూకోజు బాటిల్ ఎక్కించి, కంగారు పడవలసింది ఏమీ లేదని చెప్పారు. వైద్యుల మీద నాకు అనుమానం లేదు. ఒకే ఫలితానికి ఒకరికి ఇన్సులిన్, మరొకరికి గ్లూకోజు ఇవ్వడానికి కారణం ఏమిటో తెలుసుకోవాలని ఉంది. తెలిసినవారు వివరంగా రాయగలరు.

వార్డు రౌండ్స్ (జనరల్ మెడిసిన్)
కృష్ణాతీరం గారూ, మూత్రంలో కీటోన్లు కనబడ్డాయంటే శరీరం ఆ సమయంలో ప్రధానంగా కొవ్వును కరిగించి ఇంధనంగా వాడుకుంటోందని మాత్రమే అర్థం. ఎందుకు వాడుకుంటోందన్నది ఆ రిపోర్టు చెప్పదు. తిండి అందక కావచ్చు, ఇన్సులిన్ అందక కావచ్చు. మీ అమ్మగారిది మొదటిది, ఆ పెద్దాయనది రెండవది.

తినడం మానేసిన తరువాత కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న గ్లూకోజు సుమారు ఒక రోజులో అడుగంటుతుంది. రక్తంలో ఇన్సులిన్ తగ్గి, దానికి ఎదురుగా పనిచేసే గ్లూకగాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అప్పుడు కొవ్వు కణాల నుంచి ఫ్యాటీ ఆమ్లాలు విడుదలై కాలేయానికి చేరి, అక్కడి మైటోకాండ్రియాలలో ఎసిటోఎసిటేట్‌గా, బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్‌గా మారతాయి. ఎసిటోఎసిటేట్‌లో కొంత భాగం దానంతట అదే విడిపోయి ఎసిటోన్ అవుతుంది. ఈ మూడింటినీ కలిపి కీటోన్ బాడీలు అంటాం. మెదడు ఫ్యాటీ ఆమ్లాలను నేరుగా ఇంధనంగా వాడుకోలేదు కాని కీటోన్లను వాడుకోగలదు. వారాల తరబడి ఉపవాసం ఉన్నవారి మెదడుకు కావలసిన శక్తిలో మూడింట రెండు వంతుల దాకా వీటి నుంచే అందగలదని 1960లలో అమెరికాలో జార్జ్ కాహిల్ బృందం చేసిన పరిశోధనల వల్ల తెలిసింది. కాబట్టి ఉపవాసంలో కీటోన్లు పుట్టడం జబ్బు కాదు, ప్రాణం నిలబెట్టుకోవడానికి శరీరం చేసుకునే ఏర్పాటు.

ఈ ఏర్పాటుకు కళ్లెం ఇన్సులిన్ చేతిలో ఉంటుంది. షుగర్ లేని మనిషి ఎంత పస్తున్నా పాంక్రియాస్ (క్లోమం) కొద్దిపాటి ఇన్సులిన్‌ను విడుదల చేస్తూనే ఉంటుంది, ఆ కొద్దిపాటిదే కొవ్వు హద్దు మీరి కరగకుండా ఆపుతుంది. అందువల్ల పస్తుల వల్ల వచ్చే కీటోసిస్‌లో (కీటోన్లు పెరిగిన స్థితిలో) రక్తంలో ఆమ్లాన్ని అదుపుచేసే బైకార్బొనేట్ సాధారణంగా 18 కంటే కిందికి దిగదు. ఇన్సులిన్ బాగా కొరవడిన షుగర్ రోగిలో ఆ అడ్డు ఉండదు. రక్తంలో కీటోన్లు లీటరుకు 3 మిల్లీమోల్స్ దాటి, 10కి, ఆపైకి కూడా పోవచ్చు. అవి ఆమ్లాలు కాబట్టి రక్తం ఆమ్లీకృతమవుతుంది, పెరిగిన గ్లూకోజు మూత్రంలో పోతూ నీటినీ లవణాలనూ వెంట తీసుకుపోతుంది. దీనినే డయాబెటిక్ కీటోఎసిడోసిస్ అంటాం. గంటల వ్యవధిలో ప్రాణాపాయానికి దారితీయగల స్థితి ఇది.

మీ అమ్మగారికి గ్లూకోజు ఎక్కించగానే ఆవిడ పాంక్రియాసే ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది, కీటోన్ల తయారీ ఆగిపోతుంది. ఆ పెద్దాయనకు ఇన్సులిన్ లేకుండా గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే చక్కెర ఇంకా పెరుగుతుందే గాని కీటోన్లు తగ్గవు. ఇద్దరికీ కావలసింది ఇన్సులినే. ఒకరికి లోపలి నుంచి వస్తుంది, మరొకరికి మనం బయటి నుంచి ఇవ్వాలి.

ల్యాబ్ బల్ల
డాక్టరు గారు రాసినదానికి పరీక్ష వైపు నుంచి కొంత చేర్చుతాను, ఎందుకంటే ఆ రెండు ప్లస్‌ల వెనుక ఉన్న పరిమితులు రోగి బంధువులకు దాదాపు ఎవరూ చెప్పరు.

మూత్రపు స్ట్రిప్ మీద కీటోన్ల గడిలో ఉండేది సోడియం నైట్రోప్రసైడ్. ఇది ప్రధానంగా ఎసిటోఎసిటేట్‌తో కలిసి ఊదారంగు ఇస్తుంది. బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్‌ను అసలు గుర్తించదు. ఆరోగ్యవంతులలో ఈ రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. కీటోఎసిడోసిస్‌లో బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్ మూడు రెట్లు, ఒక్కోసారి పది రెట్ల దాకా ఎక్కువ ఉంటుంది. అంటే జబ్బు ముదిరినప్పుడు ఏది ఎక్కువగా ఉంటుందో దానినే స్ట్రిప్ చూడలేదు. మనం ప్లస్‌లుగా రాసేది కూడా రంగును కంటితో పోల్చి వేసిన అంచనాయే: ట్రేస్ అంటే సుమారు 5, ఆ తరువాత మెట్లు 15, 40, 80, 160, అన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాములలో. ఏ మెట్టుకు ఎన్ని ప్లస్‌లన్నది స్ట్రిప్ తయారీదారును బట్టి మారుతుంది, కాబట్టి ఒక ల్యాబ్‌లోని రెండు ప్లస్‌లు మరో ల్యాబ్‌లో మూడు కావచ్చు. నీళ్లు తక్కువ తాగి మూత్రం చిక్కబడితే రంగు ముదురుతుంది, సెలైన్ బాగా ఎక్కితే పలచబడుతుంది.

ఇక తప్పుడు ఫలితాల సంగతి. స్ట్రిప్ డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే గాలిలోని తేమకు గడి పాడై, కీటోన్లు ఉన్నా లేనట్టు చూపుతుంది. వర్షాకాలంలో మన కోస్తా ఊళ్లలో ఇది నిజంగా ఎదురయ్యే ఇబ్బంది. మూత్రం సీసాలో గంటల తరబడి నిలవ ఉంటే ఎసిటోన్ ఆవిరైపోతుంది, బ్యాక్టీరియా ఎసిటోఎసిటేట్‌ను తినేస్తుంది. మరోవైపు క్యాప్టోప్రిల్, మెస్నా, ఎన్-ఎసిటైల్ సిస్టీన్, పెనిసిలమిన్ వంటి మందులు వాడుతున్నవారిలో కీటోన్లు లేకపోయినా రంగు రావచ్చు. పారాసిటమాల్ ఎక్కువ మోతాదులో మింగినవారికి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ విరుగుడుగా ఇస్తారు గనుక, అటువంటి రోగి రిపోర్టులో కీటోన్లు కనబడితే ఈ మాట గుర్తుకు తెచ్చుకోవాలి.

మరొకటి. రక్తంలో ఎసిటోఎసిటేట్ ఎక్కువగా ఉన్నప్పుడు కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి జాఫే అనే రసాయన పద్ధతిలో చేసే క్రియాటినిన్ పరీక్ష ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కీటోఎసిడోసిస్ రోగికి మొదటి రోజు క్రియాటినిన్ చూసి కిడ్నీలు పోయాయని కుటుంబం బెంబేలెత్తడం నేను చూశాను. నిర్జలీకరణం వల్ల కొంత నిజంగానే పెరుగుతుంది, కొంత ఈ పద్ధతి లోపం. కీటోన్లు తగ్గాక మళ్లీ చేయించాలి.

పల్నాటి పైరు
మా బాబాయికి రిపోర్టులో కీటోన్లు వస్తే, కిడ్నీలు వడపోయడం మానేశాయని తెలిసినవారు ఎవరో చెప్పారు. అది నిజమేనా?

ల్యాబ్ బల్ల
కాదండీ. మూత్రంలో ప్రొటీన్ పోవడం వేరు, కీటోన్లు పోవడం వేరు. రక్తంలో పెరిగిన కీటోన్లను వడపోసి బయటకు పంపడం కిడ్నీలు చేయవలసిన పనే.

నైట్ డ్యూటీ సిస్టర్
కీటోఎసిడోసిస్ రోగుల దగ్గర రాత్రంతా ఉండేది మేము. బంధువులు మమ్మల్ని ఎక్కువగా అడిగే రెండు విషయాల గురించి ఇక్కడ రాస్తాను.

మొదటిది, షుగర్ రోగికి గ్లూకోజు బాటిల్ ఎందుకు పెట్టారని. కొందరు కోపంతో బాటిల్ తీసేయమంటారు కూడా. ఈ వైద్యంలో ముందుగా నార్మల్ సెలైన్ ఎక్కిస్తాం, పొటాషియం చూసుకుంటాం, ఆ తరువాత గంటకు కిలో బరువుకు 0.1 యూనిట్ లెక్కన ఇన్సులిన్ డ్రిప్ పెడతాం. పొటాషియం చూడకుండా ఇన్సులిన్ మొదలుపెట్టకూడదు, ఎందుకంటే ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల లోపలికి నెడుతుంది, అప్పటికే తక్కువగా ఉంటే గుండె లయ తప్పుతుంది. కొన్ని గంటలకు చక్కెర 250కి దిగుతుంది. కాని కీటోన్లు అంత త్వరగా పోవు. అవి పోయేదాకా ఇన్సులిన్ ఆపకూడదు, ఆపకపోతే చక్కెర పడిపోతుంది. అందుకని ఇన్సులిన్‌తో పాటు గ్లూకోజు కలుపుతాం. ఆ బాటిల్ ఇన్సులిన్‌ను కొనసాగించడానికి పెట్టినదని నెమ్మదిగా చెబితే దాదాపు అందరూ అర్థం చేసుకుంటారు.

రెండవది, రోగి లేచి మాట్లాడుతున్నాడు, ఊపిరి మామూలైంది, మరి మూత్రంలో కీటోన్లు ఇంకా ఎందుకు తగ్గలేదని. ల్యాబ్ బల్ల గారు రాసినదానిలోనే దీనికి జవాబు ఉంది. వైద్యం పనిచేస్తున్న కొద్దీ బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్ తిరిగి ఎసిటోఎసిటేట్‌గా మారుతుంది. స్ట్రిప్‌కు కనబడేది అదే కాబట్టి, రోగి కోలుకుంటున్న సమయంలో ప్లస్‌లు తగ్గకపోవడమే కాదు, ఒక్కోసారి పెరుగుతాయి కూడా. అందుకే మూత్రపు కీటోన్లను బట్టి వైద్యం ముగిసిందీ లేనిదీ తేల్చరు. రక్తంలో పీహెచ్ 7.3కు, బైకార్బొనేట్ 18కి చేరాయా, యానయాన్ గ్యాప్ (రక్తంలో లెక్కకు రాని ఆమ్లాలను సూచించే తేడా) పూడిందా, రక్త కీటోన్లు 0.6 కంటే తగ్గాయా అని చూస్తారు.

కృష్ణాతీరం
సిస్టర్ గారికి, డాక్టరు గారికి, ల్యాబ్ బల్ల గారికి కృతజ్ఞతలు. అమ్మగారి రిపోర్టులు ఇప్పుడు మళ్లీ తీసి చూశాను. గ్లూకోజు 84, బైకార్బొనేట్ 21 అని ఉన్నాయి. ఆ రెండు అంకెలు చూసే ఆమె విషయంలో నిశ్చింతగా ఉన్నారని ఇప్పుడు అర్థమైంది.

వార్డు రౌండ్స్ (జనరల్ మెడిసిన్)
అవును, సరిగ్గా ఆ రెండూ కలిపి చూడాలి. అయితే గ్లూకోజు అంకె ఒక్కదానినే నమ్మకూడదని ఈ సందర్భంలో గట్టిగా చెప్పాలి, ఎందుకంటే గత పదేళ్లలో పరిస్థితి మారింది.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కనాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు కిడ్నీల ద్వారా గ్లూకోజును మూత్రంలోకి పంపుతాయి. గుండెకు, కిడ్నీలకు చాలా మేలు చేసే మంచి మందులివి. కాని చక్కెర మూత్రంలో పోతుండటం వల్ల రక్తంలో గ్లూకోజు పెద్దగా పెరగకుండానే, తిండి మానేసినప్పుడో, ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడో, ఇన్సులిన్ మోతాదు తగ్గించినప్పుడో కీటోఎసిడోసిస్ రావచ్చు. గ్లూకోజు 160, 180 ఉంటుంది, రోగి మాత్రం ఆయాసపడుతూ, వాంతులు చేసుకుంటూ ఉంటాడు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015 మేలో దీనిపై హెచ్చరిక ఇచ్చింది. 2024లో అమెరికా, ఐరోపా డయాబెటిస్ సంఘాలు మరికొన్ని సంఘాలతో కలిసి ఇచ్చిన నివేదికలో గ్లూకోజు 200 దాటి ఉండటం తప్పనిసరి కాదని, షుగర్ వ్యాధి ఉన్న మనిషైతే గ్లూకోజు ఎంతున్నా కీటోన్లూ ఆమ్లత్వమూ ఉంటే కీటోఎసిడోసిస్ కిందనే లెక్కించాలని తేల్చారు.

డాపాగ్లిఫ్లోజిన్ మీద పేటెంట్ మన దేశంలో 2020లో ముగిసింది. అప్పటి నుంచి ధర తగ్గి, పల్లెల్లోని మందుల షాపుల్లోనూ దొరుకుతోంది. గుండె బలహీనత ఉన్నవారికి షుగర్ లేకపోయినా రాస్తున్నాం. వారు దీనిని గుండె మాత్ర అనే అనుకుంటారు, ఆపరేషన్‌కు ముందు షుగర్ మందులు ఏమైనా వాడుతున్నారా అని అడిగితే లేదనే అంటారు. ఈ మూడు మందులను ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు, ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే నాలుగు రోజుల ముందు ఆపాలి. కాబట్టి ఏ మాత్రైనా సరే, పేరు తెలియకపోతే అట్టతో సహా తీసుకురమ్మని నేను ప్రతి రోగికీ చెబుతాను.

ల్యాబ్ బల్ల
దీనికి సంబంధించి ల్యాబ్‌లో ఒక జాడ కనబడుతుంది. రక్తంలో చక్కెర మామూలుగా ఉండి, మూత్రంలో మాత్రం గ్లూకోజు మూడు, నాలుగు ప్లస్‌లు ఉంటే ఆ రోగి ఈ మాత్రలు వాడుతున్నాడేమోనని అడగాలి. మరో చిక్కు కూడా ఉంది. ఈ మందులు కీటోన్లను కిడ్నీలు తిరిగి పీల్చుకునేలా చేయగలవు, అందువల్ల రక్తంలో ఎక్కువగా ఉండి కూడా మూత్రంలో తక్కువగా కనబడవచ్చు. ఇటువంటి రోగికి మూత్రపు స్ట్రిప్‌తో సరిపెట్టకుండా రక్తంలో బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్ చూడాలి.

పాపాయి పంప్ (టైప్ 1 బాలిక తల్లి)
మా అమ్మాయికి టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం. ఆసుపత్రిలో చేరే అవసరం రాకముందే ఇంట్లో ఏం చూసుకోవాలో నాకు శిక్షణ ఇచ్చిన నర్సు గారి వల్ల నేర్చుకున్నాను. జ్వరం వచ్చినా, వాంతులైనా, చక్కెర 250 దాటి దిగకపోయినా కీటోన్లు చూడాలి. తినడం లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా ఆపడం అన్నిటికంటే ప్రమాదకరం. మన ఇళ్లలో పెద్దవాళ్లు ప్రేమతోనే ఆ సలహా ఇస్తారు: "పిల్ల ఏమీ తినలేదు, సూది వేస్తే చక్కెర పడిపోతుంది, ఈ పూటకు వద్దు" అని. జ్వరంలో శరీరం ఇన్సులిన్‌ను ఇంకా ఎక్కువగా అడుగుతుంది. లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ ఆపకుండా, చక్కెరను బట్టి మోతాదు మార్చుతూ, గంట గంటకూ ద్రవాలు తాగిస్తూ, డాక్టరుతో ఫోనులో మాట్లాడుతూ ఉండాలి.

మూత్రపు స్ట్రిప్ కొనేవారికి ఒక మాట. చక్కెర, కీటోన్లు రెండూ చూపే స్ట్రిప్ మీద ఒక్కో గడికి ఒక్కో సమయం ఉంటుంది. మా దగ్గరున్నదానిలో కీటోన్లు 15 సెకన్లకు, గ్లూకోజు 30 సెకన్లకు చదవాలి. ఆలస్యంగా చూస్తే రంగు మారిపోతుంది. రక్తంతో కీటోన్లు చూసే మీటర్ ఉంటే ఇంకా నయం, కాని దాని స్ట్రిప్‌ల ధర అందరికీ అందుబాటులో లేదు. ఈ స్ట్రిప్‌లు ప్రభుత్వ ఆసుపత్రులలో టైప్ 1 పిల్లలకు ఉచితంగా దొరకాలని నా గట్టి కోరిక.

థేమ్స్ తెలుగు (బ్రిటన్, ప్రసూతి వార్డు)
షుగర్ లేనివారి కీటోన్ల గురించి మాట్లాడేటప్పుడు గర్భిణులను విడిచిపెట్టకూడదు. ఉదయం పరగడుపున తీసిన తొలి మూత్రంలో గర్భిణులలో 30 శాతం మంది దాకా కీటోన్లు కనబడవచ్చు. బిడ్డకు నిరంతరం గ్లూకోజు అందుతుండటం వల్ల తల్లి శరీరం రాత్రి ఉపవాసానికే కొవ్వు వైపు మళ్లుతుంది. తెలుగు గర్భిణులు రిపోర్టుతో కంగారుగా ఫోను చేసినప్పుడు రాత్రి ఎన్ని గంటలకు తిన్నారని నేను మొదట అడుగుతాను.

వేవిళ్లు విపరీతమై ఆసుపత్రిలో చేరే తల్లుల విషయంలో ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. కీటోన్లు ఎన్ని ప్లస్‌లున్నాయో చూసి చేర్చుకోవాలా వద్దా అని నిర్ణయించే అలవాటు చాలాకాలం ఉండేది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రిషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2024లో సవరించిన మార్గదర్శకాలు, మూత్రంలో కీటోన్లు నిర్జలీకరణానికి కొలమానం కాదని, జబ్బు తీవ్రతను వాటితో అంచనా వేయవద్దని స్పష్టం చేశాయి. కీటోన్లు లేవు కాబట్టి ఇంటికి వెళ్లమని పంపించబడిన తల్లులు పడే బాధ దగ్గర నుంచి చూసిన నాకు ఇది ఎంతో కావలసిన మార్పు. షుగర్ ఉన్న గర్భిణి సంగతి మాత్రం వేరు. ఆమెకు వాంతులతో పాటు కీటోన్లు ఉంటే, గ్లూకోజు అంత ఎక్కువ లేకపోయినా, కీటోఎసిడోసిస్ అనుకునే వెతకాలి.

విజయనగరం వీధి
నేను బరువు తగ్గడానికి అన్నం మానేసి కొవ్వు ఆహారం తీసుకుంటున్నాను. స్ట్రిప్ మీద ఊదారంగు వస్తే సంతోషపడేవాణ్ణి. నాకు షుగర్ లేదు. ఇందులో ప్రమాదం ఉందా?

వార్డు రౌండ్స్ (జనరల్ మెడిసిన్)
షుగర్ లేనివారిలో ఆహారం వల్ల వచ్చే కీటోసిస్ సాధారణంగా రక్తంలో 3 మిల్లీమోల్స్ లోపలే ఉండి ప్రమాదం లేకుండా నడుస్తుంది. అయితే పైన చెప్పిన గ్లిఫ్లోజిన్ మాత్రలు (డాపాగ్లిఫ్లోజిన్ వంటివి) వాడేవారు, టైప్ 1 ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ ఆహారం జోలికి పోకూడదు. పాలిచ్చే తల్లులకు షుగర్ లేకపోయినా, పిండిపదార్థాలు పూర్తిగా మానేసినప్పుడు తీవ్రమైన కీటోఎసిడోసిస్ వచ్చిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. మీకు ఏదైనా ఆపరేషన్ నిర్ణయమైతే మత్తు డాక్టరుకు మీ ఆహారం సంగతి తప్పక చెప్పండి.

షుగర్ లేకుండానే నిజంగా ప్రమాదకరమయ్యే మరో రకం మద్యం వల్ల వచ్చేది. రోజుల తరబడి తాగి, తిండి మానేసి, వాంతులతో వచ్చినవారిలో మద్యం జీర్ణమయ్యే క్రమంలో ఎసిటోఎసిటేట్ ఎక్కువ భాగం బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్‌గా మారిపోతుంది. అందువల్ల రక్తం బాగా ఆమ్లీకృతమై ఉన్నా స్ట్రిప్ ఒక్క ప్లస్ మాత్రమే చూపవచ్చు. వీరికి ముందుగా థయమిన్ (విటమిన్ బి1), ఆ తరువాత గ్లూకోజు, సెలైన్ ఇస్తే చాలావరకు కోలుకుంటారు. ఇన్సులిన్ సాధారణంగా అవసరం పడదు.

బయోకెమిస్ట్రీ మాస్టారు
చర్చ చక్కగా సాగుతోంది. చరిత్రలోని కొన్ని మైలురాళ్లు చేర్చుతాను. షుగర్ రోగి మూత్రంలో ఎసిటోన్‌ను 1857లో విల్హెల్మ్ పెటర్స్ గుర్తించాడు. 1865లో గెర్హార్ట్ మూత్రంలో ఎసిటోఎసిటేట్‌ను పట్టే ఫెరిక్ క్లోరైడ్ పరీక్షను తెచ్చాడు. 1874లో అడాల్ఫ్ కుస్మౌల్ షుగర్ కోమాకు ముందు వచ్చే లోతైన ఊపిరిని వర్ణించాడు. ఆమ్లాన్ని కార్బన్ డయాక్సైడ్ రూపంలో వదిలించుకోవడానికి శరీరం చేసే ప్రయత్నం అది. నేటికీ వైద్య కళాశాలలలో విద్యార్థులచేత చేయించే రోథెరా పరీక్ష 1908 నాటిది: మూత్రాన్ని అమ్మోనియం సల్ఫేట్‌తో సంతృప్తం చేసి, నైట్రోప్రసైడ్ కలిపి, అంచు వెంబడి అమ్మోనియా జారవిడిస్తే రెండు పొరల సంధిలో ఊదారంగు వలయం ఏర్పడుతుంది. 1922 జనవరి 23న టొరంటోలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు శుద్ధిచేసిన ఇన్సులిన్ ఇచ్చినప్పుడు వైద్యులు చూసినవి కూడా ఈ రెండే: రక్తంలో చక్కెర 520 నుంచి 120కి దిగింది, మూత్రంలో కీటోన్లు మాయమయ్యాయి. అంతకు కొన్ని రోజుల ముందు, 11వ తేదీన ఇచ్చిన శుద్ధి చాలని మందుతో చక్కెర కొంత తగ్గినా కీటోన్లు తగ్గలేదు.

పసిపిల్లల వార్డు
ఇంతవరకు షుగర్ ఉన్నవారు, లేనివారు అని రెండు వర్గాలుగా మాట్లాడుకున్నాం. ఆ రెంటి మధ్య మూడో వర్గం ఉంది: షుగర్ ఉండి కూడా ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియనివారు. పిల్లల వైద్యంలో నాకు అందరికంటే వీరి గురించే భయం.

పిల్లలలో గ్లైకోజెన్ నిల్వ తక్కువ కాబట్టి జ్వరానికో, విరేచనాలకో ఒక పూట తిండి తప్పినా మూత్రంలో కీటోన్లు రావచ్చు. వారిలో చాలామందికి గ్లూకోజు మామూలుగానో, తక్కువగానో ఉంటుంది. తిండి, ఓఆర్ఎస్ పడగానే తేరుకుంటారు. అలాంటి పిల్లలను రోజూ చూడటం వల్ల, వాంతులు, కడుపునొప్పి, కీటోన్లు కలిసి కనబడితే తిండి లేకపోవడం వల్లనే అయి ఉంటుందని అనుకోవడం సులభం. టైప్ 1 షుగర్ మొట్టమొదట బయటపడేది కూడా చాలాసార్లు ఇదే రూపంలో. కడుపునొప్పిని అపెండిక్స్‌గా, వేగంగా వచ్చే ఊపిరిని న్యుమోనియాగా పొరబడటం జరుగుతుంది. తల్లిని అడిగితే, కొన్ని వారాలుగా పిల్లవాడు రాత్రిళ్లు లేచి నీళ్లు తాగుతున్నాడని, పక్క తడపడం మానేసినవాడు మళ్లీ తడుపుతున్నాడని, బరువు తగ్గాడని చెబుతుంది. నిర్జలీకరణం తీవ్రంగా ఉన్న బిడ్డ మామూలుగా మూత్రం తక్కువ పోస్తాడు. ఒళ్లు ఎండిపోయి కూడా ధారాళంగా మూత్రం పోస్తుంటే అక్కడే అనుమానం రావాలి.

మూత్రంలో కీటోన్లు వచ్చిన ప్రతి బిడ్డకూ, షుగర్ లేదని ఇంట్లో ఎంత నమ్మకంగా చెప్పినా సరే, వేలి నుంచి ఒక్క చుక్క తీసి గ్లూకోమీటర్ మీద చూడండి. మా వార్డులో ఆ అంకె రాయకుండా కీటోన్ల రిపోర్టును ఫైలులో పెట్టనివ్వం. గ్రామాలలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పనిచేసే సోదరీమణులు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, మీటర్ రీడింగుకు బదులు "హై" అని చూపించిన క్షణమే సెలైన్ మొదలుపెట్టి, పెద్దాసుపత్రికి ఫోను చేసి, బిడ్డను 108లో పంపించండి.